కళ్లు టపటపలాడించే పిల్లాడిని కసరకండి

నమస్కారం అండీ. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మా అక్క కొడుక్కి ఎనిమిదేళ్లు. ఒకరోజు పక్కపక్కనే భోజనానికి కూర్చున్నాం. ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేస్తున్నాడు. కళ్లు మూడుసార్లు గట్టిగా మూసి తెరిచి, ముక్కు ఎగబీల్చి, అప్పుడు ముద్ద పెట్టుకుంటున్నాడు. రెండో ముద్దకీ అంతే. మా అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. బళ్లో అయితే వెక్కిరిస్తున్నాడనుకుని నిలబెట్టారట. రాత్రి పడుకోబోతూ నాతో అన్నాడు: "మామయ్యా, నేను కావాలని చెయ్యట్లేదు. ఆపితే లోపల గులగులలాడుతుంది."

వాడు చెప్పింది నిజమండీ. వీటిని టిక్స్ అంటారు. తుమ్ము వచ్చేముందు ముక్కులో ఎలా ఉంటుందో, అలాంటి ఒత్తిడి వస్తుంది. ఆ కదలిక చేస్తేనే తగ్గుతుంది. పిల్లలు కాసేపు బిగబట్టగలరు కూడా. అందుకే చూసేవాళ్లకి నాటకంలా అనిపిస్తుంది. ఎంత తిడితే అంత టెన్షన్, టెన్షన్‌కి టిక్స్ ఇంకా ఎక్కువవుతాయి.

అక్క ఇంకో మాట అడిగింది. "గొంతునొప్పి తగ్గిన నెలకే మొదలైంది కదరా, అదే మెదడుకెక్కిందేమో. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ తెచ్చెయ్యనా?"

అక్క అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. గొంతులో స్ట్రెప్ అనే బ్యాక్టీరియా చేరితే, దాన్ని చంపడానికి శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది. కొందరు పిల్లల్లో అవి దారితప్పి సొంత శరీరం మీదే పడతాయి. గుండె కవాటాలు పాడుచేసే రుమాటిక్ ఫీవర్ అలా వచ్చేదే. అందులోనే కొందరికి చేతులూ కాళ్లూ ముఖం వాటంతటవే మెలికలు తిరుగుతాయి. దాన్ని సిడెన్‌హామ్ కొరియా అంటారు. థామస్ సిడెన్‌హామ్ 1686లోనే దాని గురించి రాశాడు. కదలికల్ని అదుపు చేసే బేసల్ గాంగ్లియా, అంటే మెదడు లోతుల్లో ఉండే భాగం, అక్కడ దెబ్బతింటుంది. టిక్స్‌కీ సంబంధం ఆ భాగంతోనే.

1998లో అమెరికాలో సూసన్ స్వీడో బృందం 50 మంది పిల్లల వివరాలు ప్రచురించింది. స్ట్రెప్ తర్వాత ఉన్నట్టుండి టిక్స్, చేసిందే పదేపదే చేసే ఓసీడీ వచ్చిన పిల్లలు వాళ్లు. దానికి పాండాస్ అని పేరు పెట్టారు. టూరెట్, అంటే టిక్స్ ఏళ్లతరబడి ఉండే జబ్బు, ఉండి చనిపోయిన కొద్దిమంది మెదళ్లు పరిశీలిస్తే, అక్కడి కాపలా కణాలు, మైక్రోగ్లియా, మామూలుకన్నా రెచ్చిపోయి ఉన్నట్టు కనిపించింది. ఇదంతా వింటే అక్క చెప్పిందే నిజమనిపిస్తుంది.

కానీ 2021లో వచ్చిన యూరప్ అధ్యయనం చూడండి. అప్పటికే టిక్స్ ఉన్న 715 మంది పిల్లల్ని ఏడాది పైగా గమనించారు. స్ట్రెప్ తగిలినప్పుడు టిక్స్ పెరగడం కనిపించలేదు. అంటే రోగనిరోధక వ్యవస్థకి సంబంధం ఉండొచ్చు, కానీ ప్రతి టిక్‌కీ గొంతునొప్పిని కారణం చెయ్యలేం. గొంతు పరీక్ష చెయ్యకుండా పిల్లాడికి యాంటీబయాటిక్ పోయకండి, దయచేసి. స్ట్రెప్ అని తేలితే మాత్రం డాక్టర్ రాసిన కోర్సు మొత్తం వాడాల్సిందే, అది గుండె కోసం.

రాత్రికి రాత్రి పిల్లాడు మారిపోయినా, విపరీతమైన భయం పట్టుకున్నా, తినడం మానేసినా, చేతుల్లో వస్తువులు జారిపోతున్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరకి తీసుకెళ్లండి. మావాడికి అవేవీ లేవు. డాక్టర్ ఎదుట వాడు ఒక్కసారి కూడా అలా కళ్లు ఆర్పలేదు, చాలామంది పిల్లలకి అంతే. నేను ముందురోజు ఫోన్‌లో తీసిన నిమిషం వీడియో చూసే ఆయన టిక్స్ అని చెప్పారు. పది, పన్నెండేళ్ల వయసులో బాగా ఎక్కువై, తర్వాత చాలామందిలో తగ్గుతాయన్నారు.

ఇంటికొచ్చాక వాళ్ల టీచర్‌కి ఒడియాలో ఉత్తరం రాశాను. రెండే విషయాలు. వీడు కావాలని చెయ్యట్లేదు, చూసీ చూడనట్టు ఉండండి అని. మర్నాడు వాడే పట్టుకెళ్లి ఇచ్చాడు.