నలుగురు లా ప్రొఫెసర్ల ఉత్తరం

తెర మీద: మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా పటం. పైన దేసాయిగంజ్, అడుగున ప్రాణహిత ఒడ్డున సిరొంచ.

వ్యాఖ్యానం: సిరొంచ, అహేరి తెలుగువాళ్లందరికీ నమస్కారం. దేశంలో లా చదివేవాళ్లు తప్పక చదివే ఒక కేసు మన జిల్లాదే. 1972లో దేసాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లోనే తనపై అత్యాచారం జరిగిందని ఒక ఆదివాసీ అమ్మాయి చెప్పింది. నిందితులు ఇద్దరు పోలీసులు. హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఒంటి మీద గాయాల్లేవు, ఎదురు తిరిగినట్టు లేదు, కాబట్టి ఒప్పుకున్నట్టేనట! ఇప్పుడు చదివినా కడుపు రగిలిపోతుంది.

తెర మీద: 1979. టైప్‌రైటర్ మీద కాగితం.

వ్యాఖ్యానం: ఢిల్లీ, పుణెల్లో లా చెప్పే ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ ఆ తీర్పును వాక్యం వాక్యం చదివి, ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. భయంతో లొంగిపోవడం వేరు, ఇష్టపడి ఒప్పుకోవడం వేరు అన్నారు. మహిళా సంఘాలు రోడ్డెక్కాయి. ఆ తీర్పు మారలేదు, ఆ అమ్మాయికి న్యాయం దక్కలేదు. కానీ 1983లో చట్టం మారింది. పోలీసుల అదుపులో అత్యాచారం జరిగిన కేసుల్లో, లైంగిక చర్య రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి.

తెర మీద: బల్ల మీద సాత్‌బారా, అంటే భూమి ఎవరి పేరున ఉందో చూపే కాగితం. ఒక వేలు పేరు మీద ఆగుతుంది.

వ్యాఖ్యానం: లా తెలిసినవాళ్లు మనకు సాయపడాలంటే అంత పెద్ద కేసే కానక్కర్లేదు. ఈ సాత్‌బారా చూడండి. తాత పోయి ఏళ్లయినా పేరు ఆయనదే. మనవరాలికి మరాఠీ చదవడం రాదు, ఊళ్లో భూమి లెక్కలు చూసే తలాఠీని అడగాలంటే టెన్షన్. లా కాలేజీ న్యాయ సహాయ కేంద్రం ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. విద్యార్థులు కోర్టులో వాదించలేరు. కానీ మాస్టారి పర్యవేక్షణలో కాగితం చదివి చెబుతారు, వారసుల పేర్లు ఎక్కించమని అర్జీ రాసిపెడతారు. ఒకే గోడు పది ఇళ్లలో వినిపిస్తే, వివరాలన్నీ రాసి పెట్టుకుంటారు. రేపు హైకోర్టు నాగపూర్ బెంచ్‌లో పిటిషన్ వేయాలంటే అదే ఆధారం.

ఇది దయ కాదు. ఉచిత న్యాయ సహాయం రాజ్యాంగం 39ఏ అధికరణంలో ఉంది. 1987 న్యాయ సేవల చట్టం కాలేజీల్లో ఈ కేంద్రాలు పెట్టించమంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంతున్నా వకీలు ఉచితం.

తెర మీద: 15100

వ్యాఖ్యానం: దగ్గర్లో లా కాలేజీ లేకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి, లేదా తాలూకా న్యాయ సేవల సమితికి వెళ్లండి. సాత్‌బారా, ఆధార్, మరణ ధృవీకరణ పత్రం జిరాక్సులు వెంట తీసుకెళ్లండి. అసలు కాగితాలు మాత్రం ఎవరికీ ఇచ్చి రావద్దు.