డేరాలు కుట్టేవారి ఇంట్లో పాఠం

శ్రోతలకు వందనాలు. ఈ కొద్ది నిమిషాల్లో అపొల్లో అనే ఒక్క మనిషిని గురించి చెబుతాను. ఆయన అలెక్సంద్రియకు చెందిన యూదుడు, విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు. ఎఫెసుకు వచ్చి, అక్కడి సమాజమందిరంలో యేసును గురించి ధైర్యంగా బోధించసాగాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు, కొరత ఉంది. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం ప్రకారం, ఆయనకు తెలిసినది యేసుకు ముందు వచ్చిన బాప్తిస్మమిచ్చు యోహాను ఇచ్చిన బాప్తిస్మం ఒక్కటే.

విన్నవారిలో ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు ఉన్నారు. యూదులందరూ రోము విడిచిపోవాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించినప్పుడు కొరింథు చేరి, డేరాలు కుట్టుకొని బ్రతుకుతూ, అదే వృత్తిగల పౌలుకు తమ ఇంట చోటిచ్చినవారు. ఇంతటి పండితుణ్ణి మేము దిద్దడమేమిటని వారు వెనుదీయలేదు. అలాగని జనం మధ్య లేచి నిలదీయనూ లేదు. మన తెలుగు బైబిలు ఇక్కడ వాడిన మాట నాకెంతో ఇష్టం: 'చేర్చుకొని'. ముందు చేర్చుకొన్నారు, తరువాతే దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరిచారు.

ఆ మాట నాకెందుకు అంత దగ్గరైందో చెప్పాలి. ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడంకంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభమని యేసు అన్నాడు. చాలా ఏళ్ల క్రితం సండేస్కూలు పిల్లలకు ఆ మాట వివరిస్తూ, యెరూషలేములో 'సూదిబెజ్జం' అనే పేరుగల చిన్న ద్వారం ఉండేదనీ, ఒంటె బరువు దించుకొని, మోకరించి అందులో దూరేదనీ, ఎక్కడో విన్నది నిశ్చయంగా చెప్పేశాను. మా సంఘపెద్ద ఒకరు వెనుక బల్లమీద కూర్చుని అంతా విన్నారు. ఒక్క మాట అనలేదు. సాయంత్రం ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, మార్కు 10వ అధ్యాయం నాచేతనే చదివించారు. "ఒంటె ఎలాగోలా దూరగలిగితే, ఇక రక్షణ ఎవరికి దొరుకుతుందని శిష్యులు అంత ఆశ్చర్యపోవడం దేనికమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అటువంటి ద్వారం ఉండేదనడానికి ఆధారమే లేదని తరువాత తెలిసింది. మనిషికి అసాధ్యమని యేసు చెప్పినదాన్ని నేను కాస్త కష్టమైన పనిగా మార్చేశాను! మరుసటి ఆదివారం అదే పిల్లల ముందు నా మాట దిద్దుకొన్నాను.

కాబట్టి ఈ ఆదివారం ఎవరి బోధలోనైనా పొరపాటు వినబడితే, వారిని ఆ సాయంత్రం మీ ఇంటికి పిలవండి.

డేరాలు కుట్టేవారికి అపొల్లో ఏమని బదులిచ్చాడో అపొస్తలుల కార్యములు రాసిన లూకా చెప్పలేదు. అపొల్లో గ్రీసు దేశంలోని అకయకు వెళ్లదలచినప్పుడు మాత్రం, ఎఫెసులోని సహోదరులు అక్కడి శిష్యులకు ఉత్తరం రాశారు. అందులోనూ అదే మాట: ఈయనను చేర్చుకొనండి.