కొత్త ఆయుధం అడిగితే ముందు ఎవరి చేతికో చూడండి

మీ టేబుల్ దగ్గర ఒక ప్లేయర్ అడిగాడనుకోండి: "నాకు గొలుసు కొడవలి కావాలి. దూరం నుంచి తగలాలి, డెక్స్‌తో ఆడాలి, డ్యామేజ్ 1డీ8." (డెక్స్ అంటే పాత్ర చురుకుదనం, 1డీ8 అంటే ఎనిమిది ముఖాల పాచిక ఒకటి.) పాత్రలుగా మారి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 రూల్స్‌తో దీని లెక్క తేల్చుదాం.

ముందు ఆయుధాల పట్టిక తీయండి. దీనికి దగ్గరి చుట్టం విప్, అంటే కొరడా. ఫినెస్ (బలానికి బదులు డెక్స్‌తో కొట్టే వీలు) ఉంది, రీచ్ (10 అడుగుల దాకా అందడం) ఉంది, డ్యామేజ్ మాత్రం 1డీ4. రేపియర్ అనే సన్నకత్తికి 1డీ8, ఫినెస్ ఉంది, రీచ్ లేదు. అంటే ఒంటిచేతి ఆయుధానికి రీచ్ ఖరీదు రెండు మెట్లు, సగటు 4.5 నుంచి 2.5కి పడిపోయింది. మనవాడు ఆ రెండు మెట్లూ కట్టకుండా రీచ్ కావాలంటున్నాడు. కుదరదు. రెండు చేతులతో పట్టుకోవాలని పెడితే 1డీ8 ఇవ్వొచ్చు, ఎందుకంటే షీల్డ్ పోతుంది. రీచ్ ఉన్న రెండు చేతుల ఆయుధం గ్లేవ్ 1డీ10 కదా, ఒక మెట్టు ఫినెస్‌కి పోయిందనుకోండి. హెవీ అని మాత్రం రాయకండి. రాశారా, గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) వచ్చి పడుతుంది: హిట్‌లో 5 తగ్గించుకుని డ్యామేజ్‌కి 10 కలుపుకుంటాడు.

చాలామంది డీఎంలు (ఆట నడిపేవాళ్లు) ఇక్కడితో ఆపేస్తారు. అసలు చిక్కు ఇప్పుడే మొదలు. అదే కొడవలి రోగ్ (దొంగ తరహా పాత్ర) చేతిలో పెట్టండి. 5వ లెవెల్‌లో స్నీక్ అటాక్ (అదను చూసి కొడితే వచ్చే అదనపు డ్యామేజ్) 3డీ6, సగటు 10.5. ఆయుధం డీ4 అయినా డీ8 అయినా సగటున తేడా 2 పాయింట్లే, అతనికి అది లెక్కే కాదు. అతనికి కావాల్సింది ఆ 10 అడుగులు. మామూలు శత్రువు చేతికి అందకుండా కొట్టి, అట్నుంచి అటే వెనక్కి నడిచిపోతాడు. ఆపర్చునిటీ అటాక్ (వెనక్కి తగ్గేవాడి మీద శత్రువు కొట్టే దెబ్బ) లేదు. ఆ దెబ్బ తప్పించుకునే డిసెంగేజ్‌కి పోవాల్సిన బోనస్ యాక్షన్ (టర్న్‌లో దొరికే చిన్న అదనపు పని) మిగిలింది, దాంతో దాక్కుంటాడు. విప్‌తో ఈ తలనొప్పి అంతగా రాదు, ఎందుకంటే రోగ్‌కి విప్ ప్రొఫిషియెన్సీ (వాడే శిక్షణ) లేదు. మీరూ కొడవలిని మార్షల్ (యోధుల) ఆయుధాల్లో పెట్టండి, రోగ్ జాబితాలో చేర్చకండి. అంత ముచ్చటగా ఉంటే కొత్త ఆయుధాల ప్రొఫిషియెన్సీ ఇచ్చే వెపన్ మాస్టర్ ఫీట్ తీసుకోమనండి. అదీ ధర.

"ప్రతి హిట్‌కీ 1డీ6 మంట" అని అడిగేవాళ్లూ ఉంటారు. 11వ లెవెల్ ఫైటర్‌కి టర్న్‌కి మూడు దాడులు, అదే టర్న్‌లో ఇంకో యాక్షన్ ఇచ్చే యాక్షన్ సర్జ్‌తో ఆరు. అన్నీ తగిలితే సగటున 21 అదనం. "టర్న్‌కి ఒక్కసారే" అన్న మాట ఆ ఆయుధం వివరాలు రాసే కార్డు మీద ఉండాలి.

దాడి పాచికలో 20కే కాక 19కి కూడా క్రిటికల్ (డ్యామేజ్ పాచికలు రెట్టింపు) అంటే భయపడతారు గానీ, 1డీ8 ఆయుధానికి దాని వల్ల పెరిగేది దాడికి 0.225 పాయింటే. పలాడిన్‌కి (పవిత్ర యోధుడికి) మాత్రం ఇవ్వకండి. క్రిటికల్ పడ్డాక చూసుకుని స్మైట్ (దెబ్బకి కలిపే దైవశక్తి డ్యామేజ్) వేస్తాడు, 2డీ8 కాస్తా 4డీ8 అవుతుంది.

ఇంకా అనుమానంగా ఉంటే కథలోని కమ్మరి చేత మూడు సెషన్లకి అరువుగా ఇప్పించండి. ఎక్కువైందనిపిస్తే కమ్మరి తిరిగి తీసుకుని గొలుసు కురచ చేస్తాడు. ప్లేయర్ చేతిలోంచి లాక్కున్నట్టు ఉండదు, టేబుల్ దగ్గర గొడవా ఉండదు.