కుళాయి తాళంచెవి ఎవరి దగ్గర?

(బడి సిబ్బందికి సేంద్రియ కూరగాయల పెంపకంలో శిక్షణ మొదలైన రోజు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. మీ బడిలో తోటకు నీళ్లిచ్చే కుళాయి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? తెలిసినవాళ్లు చేతులెత్తండి. చూశారా, ముందు వరుసల్లో ఉన్న టీచర్లలో ఇద్దరే ఎత్తారు. వెనక కూర్చున్న వాచ్‌మన్ గారు, ఆయా గారు మాత్రం నవ్వుతున్నారు. వాళ్లకు తెలుసు. అందుకే ఈ శిక్షణకు వాళ్లను కూడా పిలవాలని పట్టుబట్టాను. దయచేసి మీరిద్దరూ ముందుకొచ్చి కూర్చోండి.

బడితోట అనగానే సైన్సు టీచరు ఒక్కరినే శిక్షణకు పంపడం చాలాచోట్ల అలవాటు. ఆయన ఉత్సాహంగా తిరిగొచ్చి నాలుగు మడులు వేయిస్తాడు. తర్వాత ఆయనకు బదిలీ వస్తుంది, లేదా పరీక్షలొస్తాయి, లేదా నాలుగు రోజులు జ్వరమొస్తుంది. నారు ఎండిపోతుంది. పిల్లలు ఆ ఎండిన మడి పక్కనుంచే రోజూ ప్రార్థనకు వెళ్తుంటారు. తోట వేయడం గురించి వాళ్లు నేర్చుకున్న పాఠం అదే అవుతుంది.

నేను మొదట హాజరైన శిక్షణ సంగతి చెప్తాను. ఎక్కడన్నది వదిలేద్దాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించారు. నేల ఆరోగ్యం, జీవవైవిధ్యం, పోషకాల చక్రం, అన్నీ మంచి మాటలే. చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. మర్నాడు బడికెళ్లి విత్తనాల పొట్లం విప్పాను. ఒక పిల్ల అడిగింది: "ఎంత లోతులో పెట్టాలి టీచర్?" నాకు తెలియలేదు. విత్తనం మందానికి రెండు మూడు రెట్లు లోతు చాలన్న మాట ఆ రోజంతా ఎవరూ చెప్పలేదు. పాపం, పిల్లలు చిన్న విత్తనాలను వేలెడు లోతున పాతేశారు. మొలవలేదు.

అందుకే మన శిక్షణ ఒక్కరోజుతో అయిపోదు. ఒక పంట కాలమంతా నడుస్తుంది. విత్తే ముందు ఒక పూట, పురుగు కనబడగానే ఒక పూట, కోత నాడు ఒక పూట కలుస్తాం. మధ్యలో మీ మడి, మీ పిల్లలు. మడి మీద ఆకు ముడుచుకుపోయినప్పుడు వచ్చే ప్రశ్న హాల్లో కూర్చుంటే రాదు.

ఇక మట్టి సంగతి. ఎక్కడ మడి వేయాలో తేల్చుకునే ముందు ఒక రోజంతా ఎండను గమనించండి. కూరగాయలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. పాత రంగులు పెచ్చులూడుతున్న గోడ పక్కన మాత్రం వద్దు. పాతకాలపు రంగుల్లో సీసం ఉండేది, అది మట్టిలో చేరితే పోదు. పిల్లల ఒంట్లోకి వెళ్తే ఇంత వరకు ఫర్వాలేదు అని చెప్పగలిగిన మోతాదంటూ సీసానికి లేదు. అనుమానం ఉంటే మట్టి పరీక్ష చేయించండి. లేదా ఎత్తు మడులు కట్టి బయటి నుంచి మంచి మట్టి తెచ్చి నింపండి. మడి వెడల్పు పిల్లవాడి చేతిని బట్టి ఉండాలి. రెండు వైపుల నుంచీ చెయ్యి చాపితే మధ్యకు అందాలి, మట్టిని తొక్కకూడదు. చిన్న తరగతులకు మూడడుగులు దాటకపోతే మంచిది.

కంపోస్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే సేంద్రియ తోటలో సగం పని అక్కడే. ఎండుటాకులు రెండు మూడు పాళ్లు, పచ్చి చెత్త ఒక పాలు. వంటగది నుంచి వచ్చే తొక్కలు, కోసిన గడ్డి అన్నీ పచ్చి చెత్త కిందికే వస్తాయి. కర్బనం, నత్రజని నిష్పత్తి 25 నుంచి 30కి ఒకటి ఉండాలని పుస్తకాలు చెప్పేది దాదాపు ఈ లెక్కకే సరిపోతుంది. కుప్పలోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే తడి సరిపోయినట్టు. ధారగా కారితే ఎక్కువైనట్టు. చేయి పొడిగానే ఉంటే నీళ్లు చల్లాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి ఆడడం లేదని అర్థం, తిరగేసి ఎండుటాకులు కలపండి. వేడి చూడటానికి థర్మామీటర్ లేకపోయినా ఫర్వాలేదు. ఒక ఇనప కడ్డీ కుప్ప మధ్యలోకి గుచ్చి పది నిమిషాల తర్వాత బయటికి లాగండి. ముందు మీరు జాగ్రత్తగా తాకి చూడండి, ఆ తర్వాతే పిల్లలు. చెత్తకుప్ప తనంతట తాను వేడెక్కుతుందంటే నమ్మని పిల్లలు ఆ కడ్డీని తాకాక నోరు తెరుస్తారు. కంటికి కనిపించని కోట్ల జీవులు తిని ఊపిరి పీల్చుకుంటున్న వేడి అది. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇందోర్‌లో పనిచేస్తూ ఈ పొరలు పొరలుగా పేర్చే కంపోస్టు పద్ధతికి ఒక క్రమం తెచ్చాడు. మన దేశపు రైతులు నాకు గురువులు అని ఆయన ఒప్పుకున్నాడు కూడా. శిక్షణ ఇచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. మన ఆయా గారికో, వాచ్‌మన్ గారికో సేద్యం తెలిసి ఉంటే ఆ పూట పాఠం వాళ్లే చెప్తారు, నేను వెనక కూర్చుంటాను.

పచ్చి పేడ ఎప్పుడూ నేరుగా మడిలో వేయకండి. నారు మాడిపోతుంది, ఆ తప్పు నేను చేశాను. అంతకంటే ముఖ్యం, అందులో రోగక్రిములు ఉండొచ్చు. అమెరికా సేంద్రియ నియమాల ప్రకారం మట్టిని తాకే పంట అయితే పచ్చి పేడ వేసిన 120 రోజుల తర్వాతే కోయాలి, తాకని పంట అయితే 90 రోజులు. బడిలో అంత లెక్క చూసుకునే ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి బాగా చివికిన ఎరువు తప్ప ఇంకోటి వద్దు. చేతులు సబ్బుతో కడుక్కోవడం, ధనుర్వాతం టీకా సంగతి ముందే కనుక్కోవడం, ఇవి మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు పురుగుల దగ్గరికి వద్దాం. నాకు సిగ్గుగా ఉన్నా చెప్తాను. చిక్కుడు తీగ లేత కొసల నిండా పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగులు, పట్టింది. పిల్లలతో కలిసి చూస్తుంటే వాటి మధ్యలో నల్లగా, ఒంటి మీద నారింజ రంగు మచ్చలతో, ముళ్లముళ్లుగా ఉన్న పురుగులు పాకుతున్నాయి. చూడటానికే భయంగా ఉన్నాయి. "ఇవే తినేస్తున్నాయి, ఏరిపారేయండి" అన్నాను. పిల్లలు శ్రద్ధగా ఒక్కొక్కటీ ఏరి నీళ్ల డబ్బాలో వేశారు. నలభై దాకా ఉంటాయి. వారం తిరిగేసరికి తీగంతా జిగురుకారి మాడిపోయింది. తర్వాత తెలిసింది, అవి అక్షింతల పురుగు పిల్లలు. ఎర్రటి రెక్కల మీద నల్ల చుక్కలుండే ఆ గుండ్రటి పురుగును అందరూ గుర్తుపడతారు, ముద్దుగా చేతిమీద ఎక్కించుకుంటారు. దాని పిల్లను మాత్రం ఎవరూ పోల్చుకోలేరు. పేనుబంకను కసిగా తినేది అదే.

ఆ రోజు నాకు కావలసింది మందు పేరు కాదు, ఒక భూతద్దం. చంపే ముందు మూడు రోజులు చూడాలి అనే నియమం పెట్టుకోండి. ఒక పురుగును ఆకుతో సహా సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, అది ఏం తింటోందో పిల్లల చేత రాయించండి. ఆకు తింటోందా, ఆకు మీదున్న వేరే పురుగును తింటోందా? పిల్లలు మనకంటే బాగా చూస్తారు. మనకే కంగారు.

సేంద్రియం పేరు మీద ఏదైనా చల్లేయొచ్చు అనుకునేవాళ్లకు ఒక మాట. సహజమైనదంతా సురక్షితం కాదు. పొగాకు కషాయం ఆకులోంచి తీసిందే, కానీ నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి వెళ్లే విషం. బడి ఆవరణలో దానికి చోటు లేదు. పేనుబంకకు గట్టిగా నీళ్లు కొట్టడం, గొంగళిపురుగుల్ని చేత్తో ఏరడం, ఒకే చోట ఒకే పంట మళ్లీ మళ్లీ వేయకపోవడం, ఇవి చాలావరకు సరిపోతాయి. పంట కొంత పోతే పోనివ్వండి. మనం అమ్ముకోవడానికి పండించడం లేదు కదా.

మొదటి పంటగా ముల్లంగి వేయండి. చిన్న ఎర్ర రకమైతే నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, నెల రోజుల్లోపు పీకొచ్చు. పిల్లల ఓపికకు అది సరైన కొలత. టమాటాతో మొదలుపెడితే, నారు నాటాక పండు చూడటానికి రెండు నెలలు దాటుతుంది, అప్పటికి సగం మందికి ఆశ పోతుంది. దాంతో పాటు చిక్కుడు జాతిది ఏదైనా వేయండి. పూత వచ్చే సమయానికి ఒక మొక్కను జాగ్రత్తగా తవ్వి వేళ్లు కడిగి చూపించండి. చిన్న చిన్న బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో చీరితే లోపల గులాబీ రంగు. మన రక్తానికి ఎరుపునిచ్చే పదార్థానికి దగ్గరి చుట్టమే ఆ రంగు. అది కనిపిస్తే లోపలి బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పట్టిస్తోందని అర్థం. ఈ ఒక్క బుడిపె చుట్టూ వారం రోజుల సైన్సు చెప్పొచ్చు. లెక్కలు, భాష, బొమ్మలు తోటలో ఎలా కలుపుకోవాలో మీకే తెలుసు, అది నేను చెప్పను.

వానపాముల మీద మాత్రం ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. డార్విన్ తన చివరి పుస్తకాన్ని 1881లో వానపాముల మీదే రాశాడు. వాటికి చెవులున్నాయా అని తెలుసుకోవడానికి ఈల వేయించాడు, బసూన్ అనే బూర ఊదించాడు. ఉలుకూ పలుకూ లేదు. కుండీలను పియానో మీద పెట్టి మీట నొక్కితే మాత్రం చటుక్కున బొరియల్లోకి దూరాయి. వినికిడి లేదు, అదురు తెలుస్తుంది. అంత పెద్ద శాస్త్రవేత్త చేసిన ప్రయోగం మన ఐదో తరగతి పిల్లలు ఒక కుండీతో, ఒక బల్లతో చేయగలరు. చేయించండి.

అసలు కష్టమైన శిక్షణ చేతులు కట్టుకోవడం. పిల్లవాడు సాలు వంకరగా గీస్తాడు. మనకు చెయ్యి దురద పెడుతుంది. పార లాక్కుని సరిచేస్తాం. అధికారులు వస్తున్నారంటే మరీనూ, ఆదివారం వచ్చి మనమే కలుపు తీసి, బోర్డు పెట్టి, తోటను నున్నగా తయారుచేస్తాం. ఫొటో బాగుంటుంది. సోమవారం వచ్చిన పిల్లలకు అది పరాయి తోట. ఫ్రోబెల్ అనే జర్మన్ విద్యావేత్త 1840లో చిన్నపిల్లల బడికి కిండర్ గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టినప్పుడు అది ఉత్త పోలిక కాదు, ఆయన పిల్లలకు నిజంగానే ఒక్కొక్కరికి ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఒక మడి ఉండాలన్నాడు. తన మడిలో వంకర సాలు, పక్కవాడి మడిలో తిన్నని సాలు చూసుకుంటే, రెండో పంటకు సాలు తిన్నగా గీయడానికి తాడు కావాలని తనే అడుగుతాడు. నేను చూశాను.

వంట చేసే అమ్మ కూడా ఇక్కడే ఉన్నారు, సంతోషం. ఒక నిజం ముందే ఒప్పుకుందాం. నాలుగు మడుల పంటతో బడి మొత్తానికి వంట కాదు. అలా ఆశ పెట్టి నీరుగారిన తోటలు చాలా ఉన్నాయి. వారానికి ఒక తరగతి పంట ఒక్కసారి వంటగదికి చేరి, ఆ పూట పళ్లెంలో కనిపిస్తే చాలు. ఎవరు పండించారో వడ్డించేటప్పుడు అమ్మ చెప్పాలి. తినని కూరను కూడా తాను పెంచింది కాబట్టి ఒక ముద్ద రుచి చూసే పిల్లలు ఉంటారు. అందరూ తినరు, బలవంతం వద్దు.

చివరి సంగతి సెలవులు. పంట ప్రణాళికను విత్తే తేదీ నుంచి కాదు, సెలవులు మొదలయ్యే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. పెద్ద సెలవులకు మడి ఖాళీ అయిపోయేలా చూసి, పైన మందంగా ఎండుటాకులు కప్పేయండి. మట్టి తడి త్వరగా ఆరదు, వానపాములు కింద తమ పని తాము చేసుకుంటాయి. మధ్యలో వచ్చే చిన్న సెలవులకు నీళ్ల వంతులు ఒక కాగితం మీద రాసి కుళాయి దగ్గరే అంటించండి, ఆఫీసు గదిలో కాదు.

టీ వచ్చేలోపు ఒక పని. ఐదుగురు చొప్పున జట్లు కట్టండి. ప్రతి జట్టులో టీచర్ కాని మనిషి కనీసం ఒకరుండాలి, ఆ జట్టుకు పెద్ద వాళ్లే. బయట కుళాయి కింద ఒక బకెట్ పెట్టి అది నిండటానికి ఎన్ని నిమిషాలు పడుతుందో, అక్కడి నుంచి మడికి ఎన్ని అడుగులో, మూడో తరగతి పిల్ల ఎంత నిండిన బకెట్ మోయగలదో రాసుకురండి. ఎన్ని మడులు వేయాలన్నది ఆ లెక్క చూశాక మాట్లాడుకుందాం. వాచ్‌మన్ గారూ, తాళంచెవి తెచ్చారు కదా?