లైటు వేసి చూశారా?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలు ఏమీ అనుకోవద్దు, పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నా అరగంటలో పావుగంట దానికే పోతుంది. ప్రిన్సిపాల్ గారు గ్లాస్ కాక్‌పిట్ల గురించి, అంటే ముళ్ల మీటర్ల బదులు స్క్రీన్లుండే కాక్‌పిట్ల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను, కానీ దానికి ముందు చాలా ఏళ్లుగా లోపల పెట్టుకున్న ఒక సంగతి మీకు చెప్పాలి.

నేను అప్పుడు ఒక ఫ్లయింగ్ క్లబ్బులో ఇన్‌స్ట్రుమెంట్ల పని చూసేవాణ్ణి. ట్రైనింగుకు వచ్చిన ఒక అమ్మాయి స్నాగ్ బుక్కులో, అంటే విమానంలో కనిపించిన లోపాలు రాసే పుస్తకంలో రాసింది: రన్‌వే 27 మీద, అంటే పడమర ముఖంగా నిలబడితే కంపాస్ 270 చూపించాలి కదా, 258 చూపిస్తోందని. విమానాన్ని హ్యాంగర్ ముందుకు తోసుకొచ్చి, ఇంజిన్ వేసి, రేడియోలు ఆన్ చేసి చూశాం. బాగానే ఉంది. 'గ్రౌండ్ చెక్ చేశాం, లోపం లేదు' అని రాసి సంతకం పెట్టాం. వారం తిరక్కుండా మళ్లీ అదే స్నాగ్, మళ్లీ అదే జవాబు. ఆ రెండో సంతకం నాది. మూడోసారి డీజీ మార్చేశారు, అంటే డైరెక్షనల్ జైరో, గిర్రున తిరిగే చక్రంతో దిక్కు చూపించే పరికరం. పాపం, దాని తప్పేముంది? దాన్ని సెట్ చేసేదే కంపాస్ చూసి కదా! ఆఖరికి ఆ అమ్మాయికే కంపాస్ చదవడం రాదని తేల్చేశారు. తను స్నాగ్ రాయడం మానేసింది. బాబూ, మీరందరూ ఈ ముక్క దగ్గర ఒక్క నిమిషం ఆగండి, పైలట్ స్నాగ్ రాయడం మానేసిందంటే ఆ విమానంలో ఏం చెడిందో మనకు చెప్పే మనిషి లేనట్టే.

తర్వాత ఒక సాయంత్రం ఇంజిన్ రన్ కోసం నేను కుడి సీట్లో కూర్చున్నాను. రన్‌వే మీద గద్దలు తిరుగుతున్నాయని పైలట్ ల్యాండింగ్ లైటు వేశాడు. నా కళ్ల ముందే కంపాస్ కార్డు, అంటే లోపల అంకెలున్న బిళ్ల, మెల్లగా జరిగింది. లైటు ఆపమన్నాను, వెనక్కి వచ్చింది. వేయమన్నాను, మళ్లీ జరిగింది. ప్యానెల్ పైకప్పు విప్పితే, ఎప్పుడో రేడియో పని చేసినప్పుడు ల్యాండింగ్ లైటు వైరు జరిపి, సరిగ్గా కంపాస్ కిందుగా అడ్డంగా లాగారు. కరెంటు తిరిగి వెళ్లేది విమానం బాడీలోంచి కాబట్టి ఆ ఒక్క వైరు అయస్కాంతంలా పనిచేస్తోంది. కంపాస్ దీపానికి వెళ్లే రెండు వైర్లను మెలేసి ఎందుకు పెడతారో ఇప్పుడు అర్థమైందా? ఒకదాని ప్రభావం ఇంకోటి కొట్టేస్తుంది. ఇంకో సంగతి, ఆ తేడా తూర్పు, పడమరల్లోనే కనిపించింది. మేము హ్యాంగర్ ముందు చూసింది ఉత్తరం ముఖంగా, లైటు ఆర్పి!

వైరు దూరం జరిపి, కంపాస్ స్వింగ్ చేసి, అంటే విమానాన్ని ఒక్కో దిక్కుకు తిప్పి కంపాస్ సరిచూసి, మిగిలిన తేడాలతో కొత్త డీవియేషన్ కార్డు రాశాం. అప్పటికి ఆ అమ్మాయి క్లబ్బు మారిపోయింది. తనకు ఈ మాట చెప్పే అవకాశం నాకు రాలేదు.

డీజీ గురించి కూడా చెప్పేస్తాను. అది పక్కకు జరుగుతోందనగానే విప్పకండి. భూమి తిరగడం వల్లే మన హైదరాబాద్ దగ్గర గంటకు నాలుగు, నాలుగున్నర డిగ్రీలు జరుగుతుంది, అది లోపం కాదు. పావుగంటలో 3 డిగ్రీలు దాటితే అప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా ముందు సక్షన్ గేజ్ చూడండి, జైరోను తిప్పే గాలిని పంపు ఎంత గట్టిగా లాగుతోందో అది చెబుతుంది, చాలా సెస్నా విమానాల్లో నాలుగున్నర నుంచి ఐదున్నర అంగుళాల పాదరసం మధ్య ఉండాలి. తక్కువుంటే ఫిల్టర్ మూసుకుపోయిందేమో, గొట్టం వదులైందేమో, పంపు పోతోందేమో చూడండి. జైరో ఖరీదైన వస్తువు, దాని జోలికి ఆఖర్న వెళ్లండి.

ఇక గ్లాస్ కాక్‌పిట్. అందులోనూ దిక్కు చెప్పేది అయస్కాంత సెన్సరే, చాలా విమానాల్లో రెక్కలో దాక్కుని ఉంటుంది. దాని దగ్గర ఇత్తడి స్క్రూ తీసి ఇనుప స్క్రూ బిగిస్తే ఆ పెద్ద స్క్రీను కూడా తప్పే చూపిస్తుంది.

చాలు, మాటలు ఆపుతాను. ఈ బల్ల మీద ఒక కంపాస్, కారు బ్యాటరీ, హెడ్‌లైట్ బల్బు పెట్టాను. ముందు వరుసలో ఉన్న అమ్మా, నువ్వు రా. వైరు కంపాస్ కిందుగా ఉంది చూడు. స్విచ్ నువ్వే వెయ్యి. మిగతావాళ్లు బల్బు వైపు కాదు, కార్డు వైపు చూడండి.