పార్టీకి పితికిపప్పు డిప్

శ్రోతలందరికీ నమస్కారం.

సంక్రాంతికి ముందూ వెనకా మన తిరుపతి కూరగాయల బజారుకు పోయినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, ఎక్కడ చూసినా అనపకాయల, అంటే చిక్కుడు జాతి కాయల, కుప్పలే. కాయ పట్టుకుంటే చేతికి జిడ్డు అంటుతుంది, ఆ వాసన సంచిలోంచి ఇంటిదాకా వెంట వస్తుంది. మంచు బాగా పడితేనే కాయకు ఆ వాసన అని పలమనేరు, పుంగనూరు వైపువాళ్లు అంటారు. ఆ గింజల్ని నానబెట్టి తోలు పితికి తీసేదే పితికిపప్పు. ఈ రెండు మూడు నెలలూ మన ఇళ్లల్లో పితికిపప్పు కూర, రాగిసంగటి, మళ్లీ పితికిపప్పు కూర. నాకైతే ఎన్నిసార్లు తిన్నా విసుగు రాదు. కానీ ఇదే రోజుల్లో ఇంట్లో పుట్టినరోజో, కొత్త సంవత్సరం పార్టీయో వచ్చిందంటే మాత్రం మనం బజారుకు పోయి మయొనైజ్ సీసా కొనుక్కొస్తాం. ఇంటినిండా తాజా గింజ ఉండగా ఆ సీసా ఎందుకండీ?

అందుకే ఈ రోజు పితికిపప్పుతో, పచ్చి కూరగాయలతో చేసే డిప్, అంటే అద్దుకుని తినే చల్లటి ముద్ద గురించి మాట్లాడతాను. గింజలు ఉడికించి మెత్తగా చేసి రొట్టెతో అద్దుకుని తినడం లోకంలో చాలాచోట్ల ఉన్నదే. తెల్ల శనగలు, నువ్వుల ముద్ద కలిపితే హమ్మస్. ఈజిప్టులో ఎండు ఫావా చిక్కుడు గింజలను ఆకుకూరలతో కలిపి బిసారా చేస్తారు. అవి ఎండు గింజలు, మనది పచ్చి గింజ. పచ్చి గింజకు ఉండే తీపి ఎండు గింజకు రాదని నా అభిప్రాయం.

మొన్న సెలవుల్లో మా మేనకోడలి పుట్టినరోజు మేడ మీద చేశారు. పిల్లలూ పెద్దలూ కలిసి ఓ ఇరవై మంది. నేను ఈ డిప్ చేస్తానంటే మా వదిన ఒప్పుకోలేదు. "ఏమ్మా, పితికిపప్పును చల్లగా ఎవరైనా తింటారా, పిల్లోళ్లు ముట్టను కూడా ముట్టరు" అంది. సరే వదినా, ఒక గిన్నెడే చేస్తాను, చూద్దాం అన్నాను.

ముందురోజు రాత్రి ఒలిచిన గింజలు నీళ్లలో పోశాం. పొద్దునకు గింజ ఉబ్బి, తోలు వదులైంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి మెల్లగా నొక్కితే చాలు, లేతాకుపచ్చ పప్పు చటుక్కున జారి గిన్నెలో పడుతుంది, తోలు వేళ్ల మధ్యే మిగులుతుంది. ఈ పని ఒక్కరే కూర్చుని చేస్తే అలసట. నలుగురు చుట్టూ కూర్చుంటే మాటల్లోనే అయిపోతుంది. మా ఇంట్లో పిల్లలు కూడా కూర్చున్నారు, సగం గింజలు గోడకు ఎగిరాయి, అయినా పర్వాలేదు. మూడు గ్లాసుల పప్పు తేలింది.

ఆ పప్పును కుక్కర్‌లో వేయొద్దు. కుక్కర్‌లో వేస్తే పప్పు గంజిలా అయిపోయి నీళ్లు పీల్చుకుంటుంది. మామూలు గిన్నెలో నీళ్లు మరిగాక పప్పు, ఉప్పు వేసి, మూత లేకుండా, పైన కట్టే నురుగు తీసేస్తూ ఉడికించండి. పావుగంటో, ఇరవై నిమిషాలో పడుతుంది, కాయ ముదురుదైతే ఇంకాస్త. ఒక పప్పు తీసి వేళ్ల మధ్య నలిపితే వెన్నలా నలగాలి, లోపల పలుకు ఉండకూడదు. ఇందులో మొహమాటం లేదు, అనపగింజ పచ్చిగా కడుపుకు మంచిది కాదు, బాగా ఉడకాల్సిందే. ఉడికాక నీళ్లు పూర్తిగా వంచేసి, పప్పును పళ్లెంలో పలచగా పరిచి ఆరనివ్వండి.

ఈలోపు రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి పొడి చేసుకున్నాం. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, మూడు పచ్చిమిరపకాయలు కొంచెం శెనగనూనెలో మగ్గించాం. ఆరిన పప్పు, ఇవన్నీ, గుప్పెడు కొత్తిమీర, కాస్త జీలకర్ర మిక్సీలో వేసి ఆపి ఆపి తిప్పాలి. మరీ నున్నగా వద్దు, నాలుకకు గింజ తగలాలి. మిక్సీ తిరగకపోతే నీళ్లు పోయకండి, గుడ్డలో కట్టి నీరు కార్చిన గట్టి పెరుగు రెండు మూడు చెంచాలు వేయండి. నిమ్మరసం పప్పు చల్లారాకే, అదీ చివర్లోనే. వేడి మీద పులుపు పడితే ఆ పచ్చరంగు మాసిపోతుంది.

ఇక కూరగాయలు. క్యారెట్ తురుము, కీరదోస, ఉల్లిపాయ సన్నటి ముక్కలు, గింజ తీసిన టమోటా. ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది: తడి. పార్టీలో డిప్ పాడయ్యేది రుచి వల్ల కాదు, తడి వల్ల. కోసిన ముక్కకు ఉప్పు తగిలితే లోపలి నీళ్లు బయటికి వస్తాయి. గిన్నె టేబుల్ మీద పెట్టిన అరగంటకు పైన నీళ్లు తేలతాయి, ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. కాబట్టి ఆ నీళ్లేవో ముందే తీసేయండి. కీరదోస మధ్యలో గింజలున్న భాగం చెంచాతో గీకేసి, ముక్కలకు చిటికెడు ఉప్పు రాసి పది నిమిషాలు పక్కన పెట్టి, గుడ్డలో వేసి గట్టిగా పిండండి. కీరదోసను పిండితే ఎన్ని నీళ్లు వస్తాయో మీరే చూస్తారు. క్యారెట్‌నూ, ఉల్లిపాయనూ కూడా అలాగే పిండండి. టమోటాకు ఉప్పు అక్కర్లేదు, తడి అద్దేస్తే చాలు. ముక్కలు మిక్సీలో వేయొద్దు, చెంచాతో కలపండి. ముక్కల్లో ఉప్పు ఉంది కాబట్టి మళ్లీ ఉప్పు వేసేముందు రుచి చూడండి.

అద్దుకోవడానికి క్యారెట్, ముల్లంగి, కీరదోస పొడుగు ముక్కలు పెట్టాం. పక్కన నిప్పట్లు, అంటే బియ్యప్పిండి చెక్కలు కూడా పెట్టాం, అది మా వదిన ఆలోచనే. పిల్లలు ముందు నిప్పట్ల కోసమే వచ్చారు, ఒకరు అద్దుకుంటే చూసి ఇంకొకరు అద్దుకున్నారు, కేక్ కోయకముందే గిన్నె ఖాళీ. కారంగా, కరకరలాడే నిప్పట్టుకు చల్లటి పితికిపప్పు ఎంత బాగా కుదిరిందో! ఆ తర్వాత మా వదినే నన్ను అడిగింది, రేపటికి ఇంకో గిన్నెడు చేద్దామా అని.

అనపకాయల కాలం అయిపోతే పచ్చి బఠాణీలతో చేయొచ్చు, లేత అలసంద గింజలతోనూ బాగుంటుంది. పద్ధతి అదే, బఠాణీకి పితకడం ఉండదు, పని ఇంకా తేలిక.

రేపు సాయంత్రం ఏడింటికి పార్టీ అనుకోండి. ఈ రాత్రికే గింజలు నానబెట్టండి. పొద్దున పితికి, ఉడికించి, ఆరబెట్టి, మధ్యాహ్నం రుబ్బి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పిండిన ముక్కలు విడిగా ఇంకో డబ్బాలో ఫ్రిజ్‌లోనే ఉంచి, ఆరున్నరకు రెండూ కలపండి. నిమ్మకాయ అప్పుడు పిండండి. బయట పెట్టాక రెండు గంటలకు మించి ఉంచకండి, పెరుగు ఉంది కదా. ఒకేసారి గిన్నెనిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా పెడుతుంటే మిగిలింది చల్లగా ఉంటుంది, మర్నాడు పొద్దున దోసెలోకీ పనికొస్తుంది.

ఉంటానండీ, నమస్కారం.