జీపీఏ 4.0 ఉన్నా ఎయిడ్ ఆగిపోతుంది

అందరికీ నమస్కారం. అమెరికాలో కాలేజీ చదువుకు ప్రభుత్వ ఆర్థిక సాయం, అంటే ఎయిడ్, కోసం పెట్టే దరఖాస్తు ఫాఫ్సా. అది ఎలా నింపాలో మనవాళ్లు గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. వచ్చిన ఎయిడ్ మధ్యలో ఎలా పోతుందో మాత్రం, కాలేజీ నుంచి ఈమెయిల్ వచ్చేదాకా ఎవరూ అడగరు. ఇవాళ దాని గురించే చెబుతాను.

ముందే ఒక మాట. అమెరికాలో ఫెడరల్ ఎయిడ్ ప్రధానంగా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు. హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్న పిల్లలకు రాదు. వాళ్లకు కాలేజీ సొంతంగా స్కాలర్‌షిప్ ఇస్తే, దాని షరతులు విడిగా చదువుకోవాలి.

పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని సాయం), ఫెడరల్ లోన్, వర్క్ స్టడీ (చదువుకుంటూ చేసే పార్ట్‌టైమ్ పని), ఏది తీసుకున్నా సాటిస్‌ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్, అంటే చదువు సరిగ్గా ముందుకు సాగుతోందని, చూపించాలి. ఎయిడ్ ఆఫీసులో శాప్ అంటారు. మనలో సగం మందికి శాప్ అంటే ఆ పేరున్న సాఫ్ట్‌వేర్ మీద చేసే ఉద్యోగం గుర్తొస్తుంది, అది వేరు! ఇందులో చూసేవి మూడు. జీపీఏ, అంటే 4కి లెక్కగట్టే సగటు గ్రేడ్, సాధారణంగా 2.0 ఉండాలి. డిగ్రీకి 120 క్రెడిట్లయితే, ప్రయత్నించినవి 180 దాటకుండా పూర్తిచేయాలి. మూడోది పేస్: తీసుకున్న క్రెడిట్లలో ఎన్ని పాసయ్యారన్న లెక్క. చాలా కాలేజీల్లో ఇది 67 శాతం. 180లో 120 అంటే అంతే కదా.

మన ఇళ్లలో దెబ్బ తగిలేది ఈ మూడోదాని దగ్గరే. సెమిస్టర్ సగంలో కెమిస్ట్రీ కష్టంగా ఉందని పిల్ల ఫోన్ చేస్తుంది. మెడికల్ స్కూల్ ఆలోచన ఉంటుంది కాబట్టి, "డబ్ల్యూ తీసుకో, జీపీఏ పాడవదు" అంటాం. డబ్ల్యూ అంటే కోర్సు మధ్యలో వదిలేయడం, విత్‌డ్రాయల్. నిజమే, పాడవదు. కానీ ఆ అమ్మాయి 16 క్రెడిట్లు తీసుకుని, 4 క్రెడిట్ల కెమిస్ట్రీ, 4 క్రెడిట్ల కాల్‌క్యులస్ వదిలేసిందనుకోండి. మిగతా వాటన్నిటిలో 'ఏ' గ్రేడే వచ్చింది. జీపీఏ 4.0, పేస్ 50 శాతం. శాప్ తప్పినట్టే.

మొదటి ఒకటి రెండు వారాల్లో చేసే డ్రాప్‌తో ఈ బాధ లేదు. ఆ గడువు దాటాక చేసే విత్‌డ్రాయల్‌తోనే. బ్యాక్‌లాగ్ సప్లీలో పాసైతే గొడవ వదిలిపోయే పద్ధతిలో చదువుకున్న మనకు ఇంకోటి మింగుడుపడదు: ఇక్కడ ఫెయిలైన కోర్సు మళ్లీ రాసి పాసైనా, పాత ప్రయత్నం లెక్కలో అలాగే ఉంటుంది.

శాప్ లెక్క ప్రతి సెమిస్టర్ చూసే కాలేజీలు ఒక సెమిస్టర్ వార్నింగ్ ఇవ్వొచ్చు. అప్పటికి ఎయిడ్ ఆగదు. ఆ అమ్మాయి తర్వాతి సెమిస్టర్‌లో 15కి 15 పాసైతే 31లో 23, అంటే 74 శాతం, గట్టెక్కినట్టే. ఏడాదికోసారి మాత్రమే చూసే కాలేజీల్లో ఈ వార్నింగ్ ఉండదు, నేరుగా ఆపేస్తారు. మీ కాలేజీ ఏ రకమో ఇప్పుడే కనుక్కోండి.

ఆగిపోతే, కాలేజీ అనుమతించే చోట అప్పీల్ చేసుకోవచ్చు. దగ్గరివాళ్లు చనిపోవడం, జబ్బు, గాయం, అలాంటి ప్రత్యేక పరిస్థితులు కారణంగా చూపొచ్చు. ఏం జరిగిందో రాస్తే చాలదు, ఇప్పుడు ఏం మారిందో కూడా రాయాలి. ఇక్కడే మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. ఇండియాలో తాతగారు పోయారని రాస్తారు గానీ, పిల్లాడు డిప్రెషన్‌తో నెలంతా గది దాటి రాలేదన్నది దాస్తారు. అసలు కారణం అదైతే అదే రాయాలి, డాక్టర్ కాగితం జతచేయాలి. పరువు ఎక్కడికీ పోదు. "బాగా కష్టపడతాను" అన్న హామీ కంటే, కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాడని, ఈసారి 12 క్రెడిట్లే తీసుకుంటున్నాడని చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది.

ఒప్పుకుంటే ప్రొబేషన్ మీద ఒక సెమిస్టర్ ఎయిడ్ ఇస్తారు. ఒక్క సెమిస్టర్‌లో లెక్క సరికాదనుకుంటే అకడమిక్ ప్లాన్ రాసిస్తారు, దాని ప్రకారం నడిస్తే ఎయిడ్ కొనసాగుతుంది. ఒప్పుకోకపోతే సొంత డబ్బుతో చదివి, పేస్, జీపీఏ సరిచేసుకున్నాక మళ్లీ అర్హత వస్తుంది. ఇక ప్రశ్నలు అడగండి. మీ పిల్లల ట్రాన్‌స్క్రిప్ట్ ఫోన్లో ఉంటే ఇలా ముందుకు రండి, లెక్క ఇక్కడే కట్టి చూద్దాం.